ఎనిమిదో ట్రాకు

“మామయ్య గారూ, నాన్న పాడిన పెద్ద రీలు ఇంకా మీ దగ్గరే ఉందా?” అని గాజువాక నుంచి ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడు ఉందని చెప్పడానికి నాకు క్షణం పట్టలేదు. సీతమ్మధారలో మా ఇంటి బీరువా మీద, అట్టపెట్టెలో, పాతికేళ్ళకు పైగా ఉంది. “అయితే వినిపిస్తారా?” అన్న రెండో ప్రశ్నకే జవాబు వెంటనే రాలేదు. గొంతు ఉంటుందని నమ్మకం ఉంది. ఆ గొంతు పక్కన మేము వేసిన టైమ్‌కోడ్, అంటే టేపు మీద ఏ చోటు ఏ సమయమో చెప్పే శబ్దం, బతికి ఉందో లేదో తెలియదు. అది పోతే ఆ పాట సగమే మిగులుతుంది.

ఎందుకు సగమో చెప్పాలి. వాళ్ళ నాన్న జముకుల కథ చెప్పేవాడు. జముకు తెలియనివారికి ఒక మాట: చిన్న పీపాలాంటి డొల్లకు ఒకవైపు చర్మం మూసి, దాని మధ్య నుంచి తీగ లాగి కట్టిన వాద్యం అది. తీగను బిగిస్తూ వదులుతూ మీటితే శబ్దం పైకీ కిందికీ జారుతుంది. ఆ జారుడులోనే ఏడుపూ ఉంటుంది, ఎకసెక్కమూ ఉంటుంది. 1995లో మా చిన్న స్టూడియోలో ఆయన చేత ఎల్లమ్మ కథలోని పాటలు కొన్ని పాడించి కాసెట్ వేయాలనుకున్నాం. మా దగ్గర ఉన్నది టాస్కామ్ 38, అర అంగుళం టేపు మీద ఎనిమిది ట్రాకులు రాసే మెషీను. మొదటి ట్రాకులో ఆయన గొంతు, రెండో దానిలో జముకు, మూడూ నాలుగూ వంత, ఐదు తాళాలు, ఆరు గది శబ్దం. ఏడు ఖాళీ. ఎనిమిదిలో టైమ్‌కోడ్.

కీబోర్డు మీద వాయించిన వేణువు, తంత్రుల శబ్దాలు మాత్రం టేపు మీద లేవు. అవి అటారీ 1040 ఎస్టీ కంప్యూటర్‌లోని సీక్వెన్సర్‌లో, అంటే స్వరాలను దాచుకుని కీబోర్డు చేత మళ్ళీ వాయించే ప్రోగ్రామ్‌లో, మిడి సమాచారంగా ఉండేవి. ఏ మెట్టు, ఎంత బలంతో, ఎప్పుడు నొక్కారన్న అంకెలు, అంతే. మిక్సింగ్ చేసేటప్పుడు టేపు తిరుగుతుంటే, టైమ్‌కోడ్ చూసి సీక్వెన్సర్ అడుగులో అడుగు వేసేది, కీబోర్డు అప్పటికప్పుడు వాయించేది. ట్రాకులు ఆదా అయ్యేవి, శబ్దం టేపు మీద మరోసారి అరిగేది కాదు. అప్పట్లో మాకది పెద్ద వరం. మిక్స్ చేసిన స్టీరియో టేపు తర్వాత ఎక్కడో పోయింది. కాసెట్లు కూడా బూజు పట్టి పోయాయి. మిగిలింది ఈ రీలూ, ఆ మిడి అంకెలున్న ఒక ఫ్లాపీ డిస్కూ.

“రెండూ కంప్యూటర్‌లో పెట్టి చేత్తో కలిపేయవచ్చు కదా” అని మా అబ్బాయి అడిగాడు. లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే క్లిక్ వింటూ పాడిన సినిమా పాటైతే కలపవచ్చు. ఈయన క్లిక్ వినలేదు. కథ ఎక్కడ బరువెక్కితే అక్కడ నెమ్మదించాడు, ఎక్కడ కోపం వస్తే అక్కడ ఉరికాడు. అందుకని గొంతు ముందు రికార్డు చేసి, తర్వాత మాస్టారు దాన్ని వింటూ ప్రతి దెబ్బకూ వేలితో మీట నొక్కి, ఒక్కో చరణానికి ఒక్కో వేగం సీక్వెన్సర్‌కు నేర్పారు. ఆ వేగాల పట్టిక టైమ్‌కోడ్ అంకెలకు ముడిపడి ఉంది. ముడి తెగితే ఏ స్వరం ఏ మాట కింద పడాలో చెప్పే నాథుడు లేడు.

మాస్టారంటే ఆకాశవాణిలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన. సాయంత్రాలు మా స్టూడియోకు వచ్చి కూర్చునేవారు. నాకు ఈ విద్య నేర్పింది ఆయనే.

ఆ టేపుకు టైమ్‌కోడ్ వేసిన రాత్రి నాకు బాగా గుర్తుంది. పాట ఒక్కటీ రికార్డు కాకముందే, ఖాళీ రీలు మొదటి నుంచి చివరి దాకా ఎనిమిదో ట్రాకు మీద టైమ్‌కోడ్ ఒక్కటే నడిపించాలి. 2500 అడుగుల రీలు, సెకనుకు 15 అంగుళాల వేగం. అంటే 33 నిమిషాలు. అంతసేపూ ఫ్యాను కూడా ఆపించి, నన్ను మీటరు ముందు కూర్చోబెట్టారు. “ముల్లు సున్నాకు ఎక్కకూడదు, మైనస్ 5 దగ్గర ఆడాలి” అన్నారు. ఎక్కువైతే ఆ కీచుమనే శబ్దం పక్క ట్రాకులోకి కారుతుంది. తక్కువైతే టైమ్‌కోడ్‌ను చదివే పెట్టె తడబడుతుంది. అందుకే దాన్ని టేపు అంచున ఉన్న ట్రాకులో వేసి, పక్కదాన్ని గోడలా ఖాళీగా వదిలేస్తారు. ఆ ట్రాకుకు హోరు తగ్గించే నాయిస్ రిడక్షన్ పెట్టకూడదు, బాస్, ట్రెబుల్ ముట్టుకోకూడదు.

అంకె 00:00:00:00 నుంచి ఎందుకు మొదలుపెట్టలేదని అడిగాను. “టేపు కొంచెం వెనక్కి తిప్పావనుకో, అర్ధరాత్రి దాటి నిన్నటి 23 గంటల్లోకి పోతుంది. సీక్వెన్సర్‌కు నిన్నా నేడూ తెలియవు” అన్నారు. అందుకే 01:00:00:00 నుంచి మొదలైంది. మొదటి మాటకు ముందు 20 సెకన్లు వట్టి కోడే నడవాలన్నారు.

టైమ్‌కోడ్ అంటే ఏమిటో మాస్టారు చెప్పినట్టే చెబుతాను, అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు. రైలు పట్టాల పక్కన కిలోమీటరు రాళ్ళు ఉంటాయి కదా, టేపు పక్కన అలాంటి రాళ్ళు పాతడం. మనం వాడేది సెకనుకు 25 రాళ్ళు, మన టెలివిజన్‌లో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు, కాబట్టి. ఒక్కో రాయి మీద 80 బిట్లు చెక్కి ఉంటాయి: గంట, నిమిషం, సెకను, ఫ్రేము. మన కోసం రాసుకునే యూజర్ బిట్లు 32. చివర 16 బిట్లు ఎప్పుడూ ఒకే వరుసలో వస్తాయి: రెండు సున్నాలు, పన్నెండు ఒకట్లు, మళ్ళీ సున్నా, ఒకటి. ఇంకెక్కడా రాని ఆ వరుసను పట్టుకునే ఫ్రేము ఎక్కడ ముగిసిందో, టేపు ముందుకు నడుస్తోందో వెనక్కి నడుస్తోందో పెట్టె తెలుసుకుంటుంది.

25 ఫ్రేములకు 80 బిట్లంటే సెకనుకు 2000 బిట్లు. ప్రతి బిట్ మొదట్లో తరంగం ఒకసారి తిరగబడుతుంది. బిట్ ఒకటి అయితే మధ్యలో ఇంకోసారి తిరగబడుతుంది. కాబట్టి సున్నాలు 1000 హెర్ట్జ్‌లోనూ ఒకట్లు 2000 హెర్ట్జ్‌లోనూ వినబడతాయి. చెవికి అది తుమ్మెద కోపంగా తిరుగుతున్నట్టు ఉంటుంది. తిరగబడిన క్షణమే ముఖ్యం, పైకి తిరిగిందా కిందికా అన్నది కాదు. అందుకే వైర్లు తారుమారైనా కోడ్ చదవబడుతుంది. ఈ సంగతి నాకు ఇప్పటికీ అందంగా కనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే నేనొక తప్పు చేశాను. రీలుకు జాగ్రత్త కోసం ఇంకో నకలు తీద్దామని మరో మెషీను అద్దెకు తెచ్చి, ఎనిమిది ట్రాకులకూ ఎనిమిది వైర్లు సూటిగా కలిపి కాపీ తీశాను. ఆ నకలు నుంచి ఇంకో నకలు కూడా. గొంతు బాగానే వచ్చింది. మూడో రీలు పెట్టి సీక్వెన్సర్ నడిపితే పది సెకన్లు వాయించి ఆగుతుంది, మళ్ళీ అందుకుంటుంది, మళ్ళీ ఆగుతుంది. మాస్టారు ఏమీ అనలేదు. తరంగం ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్ తెచ్చి అసలు రీలుది చూపించారు. నిటారు గోడలతో మేడలా ఉంది. తర్వాత మూడో రీలుది చూపించారు. భీమిలి ఒడ్డున అలలు తిన్న గులకరాయిలా గుండ్రంగా, ఒకవైపు వాలి ఉంది. ఆ వాలు వల్ల తిరగబడే క్షణాలు ముందుకూ వెనక్కూ జరిగిపోయాయి.

“గొంతును కాపీ తీస్తాం. అంకెను కాపీ తీయకూడదు, చదివి మళ్ళీ రాయాలి” అన్నారు. ఉత్తరం మీద చిరునామా చెరిగిపోతే జిరాక్స్ తీస్తామా, చదివి కొత్తగా రాస్తాం కదా అన్నారు. టైమ్‌కోడ్‌ను పెట్టెలోకి పంపి, అది చదివిన అంకెతో కొత్త తరంగాన్ని పుట్టించి, ఆ కొత్తదాన్ని నకలు రీలు మీద రికార్డు చేయాలి. దీన్నే రీజెనరేట్ చేయడం అంటారు. ఆ రాత్రి రెండు రీళ్ళనూ చెరిపి మళ్ళీ చేశాం. ఆ పెట్టె నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ఇక ఇప్పటి సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి గదిలోకి వాన కొట్టింది. కరెంటు రోజుల తరబడి లేదు. బీరువా మీది అట్టపెట్టె ఒకవైపు తడిసింది. తర్వాత ఆరబెట్టాను కానీ, తెరిచి టేపు చూసే ధైర్యం అప్పుడు చేయలేదు. ఇప్పుడు తెరిస్తే తడిసిన వైపు అంచు కాస్త ముడుచుకుని ఉంది. ఎనిమిదో ట్రాకు ఉన్నది సరిగ్గా ఆ అంచునే.

పైగా ఆ కాలంలో తయారైన కొన్ని రకాల టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని జిడ్డెక్కుతుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళో ఈ జబ్బు తప్పదు. నాలుగు అడుగులు నడిపేసరికి టేపు కీచుమని ఏడ్చింది, టేపును చదివే హెడ్డు మీద గోధుమ రంగు ముద్ద పేరుకుంది. వెంటనే ఆపేశాను. అలాంటి టేపును మొండిగా నడిపితే పాట పొడిగా రాలిపోతుంది. పండ్లు ఎండబెట్టే యంత్రంలో 54 డిగ్రీల దగ్గర, మధ్యమధ్య రీలు తిరగేస్తూ, ఎనిమిది గంటలు ఉంచాను. మరో రాత్రంతా చల్లారనిచ్చాను. ఇది పాలియెస్టర్ టేపుకే పనికొస్తుంది. ఇంకా పాతవైన అసిటేట్ టేపులను ఇలా వేడి చేస్తే పాడైపోతాయి. పనికొచ్చే టేపుకైనా ఈ బాగు కొన్ని వారాలే నిలుస్తుంది.

మెషీను రబ్బరు చక్రం మార్పించడం, హెడ్లు శుభ్రం చేయడం, వాటికి పట్టిన అయస్కాంతం తీయడం లాంటి పనులు ఒక వారం తిన్నాయి. తర్వాత ఒక తెల్లవారుజామున, వీధిలో చప్పుడు మొదలుకాకముందే, ఎనిమిది ట్రాకులనూ ఒకేసారి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. టైమ్‌కోడ్‌ను కూడా ఉన్నదున్నట్టుగా. టేపు కీచుమనలేదు. ఆ 33 నిమిషాలూ మీటర్ల నుంచి చూపు తిప్పలేదు. మళ్ళీ ఆ రీలును నడపాల్సిన అవసరం రాకూడదన్నదే నా కోరిక, రాలేదు కూడా. అప్పటి నుంచి చేసిన ప్రయత్నాలన్నీ కంప్యూటర్‌లో ఉన్న ఎనిమిదో ట్రాకును బయటికి పంపి, పాత పెట్టెలో తిప్పి, వచ్చినదాన్ని తొమ్మిదో ట్రాకుగా రికార్డు చేస్తూ చేసినవే.

మొదటిసారి పంపగానే పెట్టె మీద ఎర్ర అంకెలు వెలిగాయి: 01:00:04:11, 12, 13. చదువుతోంది! పక్కన యూజర్ బిట్ల మీట ఉంటే, అలవాటు కొద్దీ నొక్కాను. ఎనిమిది అంకెలు వచ్చాయి: 17121995.

కాసేపు అర్థం కాలేదు. 17-12-1995. టైమ్‌కోడ్ వేసిన రాత్రి మాస్టారు ఆ 32 బిట్లలో ఆనాటి తేదీ రాసి పెట్టారు. నాకు చెప్పలేదో, చెప్పినా నేను వినలేదో. రీలు అట్టపెట్టె మీద అతికించిన కాగితం తడిసి చెరిగిపోయింది. ఆ రికార్డింగ్ 1995లో జరిగిందని తప్ప ఏ నెలలో జరిగిందో మా ఎవరికీ గుర్తు లేదు. సెకనుకు 25 సార్లు చొప్పున 33 నిమిషాలు, అంటే దాదాపు 49,500 సార్లు ఆ టేపు అదే తేదీని చెబుతూ ఉంది. మాస్టారు ఇప్పుడు లేరు. నేను కుర్చీలోంచి లేచి కాసేపు బాల్కనీలో నిలబడి వచ్చాను.

నాలుగు నిమిషాల దాకా అంకెలు హాయిగా నడిచాయి. 01:04:17 దగ్గర ఆగిపోయాయి, సగం సెకను తర్వాత మళ్ళీ లేచాయి. కంప్యూటర్ తెర మీద ఎనిమిదో ట్రాకు బొమ్మను దగ్గరికి తెచ్చి చూస్తే, పట్టీలా వెడల్పుగా ఉన్న తరంగం ఆ చోట దారంలా సన్నబడింది. ముడుచుకున్న అంచు హెడ్డుకు తగలలేదు. మొత్తం ఐదు చోట్ల అలా ఉంది. నాలుగు చిన్నవి. ఐదోది ఒక సెకనూ ఏడు ఫ్రేములు, సరిగ్గా కథలో తల్లి ఏడ్చే చోట.

పెట్టెలో మూడు పద్ధతులున్నాయి. ఒకటి తరంగాన్ని మళ్ళీ నిటారుగా చెక్కి పంపడం. గుండ్రబడిన కోడ్‌కు ఇది చాలు. కానీ లేని తరంగాన్ని చెక్కలేదు కదా, నా ఐదు గుంతలూ గుంతలుగానే మిగిలాయి. రెండోది జామ్ సింక్: మొదట ఒక అంకె చదివి, అక్కడి నుంచి లోపలున్న స్ఫటిక గడియారంతో సొంతంగా లెక్కపెట్టుకుంటూ పోవడం. దీన్ని పెట్టాను. ఎక్కడా ఆగని, అద్దంలాంటి కోడ్ వచ్చింది. సంబరపడి ఆ కోడ్‌తోనే సీక్వెన్సర్‌ను నడిపాను.

మొదటి చరణం అద్భుతంగా కలిసింది. మూడో చరణానికి వేణువు మాట కంటే ముందే వచ్చేస్తోంది. ఆరో నిమిషానికి గొంతుకూ కీబోర్డుకూ మధ్య ముప్పావు సెకను తేడా. తప్పు నాదే. స్ఫటికం లెక్క తప్పదు, నిజమే, కానీ టేపును నడిపేది స్ఫటికం కాదు, మోటారు, రబ్బరు. మా మెషీను ఇప్పుడు 1995లో కంటే నూటికి 0.2 వంతు నెమ్మదిగా తిరిగింది. వెయ్యి సెకన్లకు రెండు సెకన్లు. కొత్త కోడ్ తన దారిన తాను సరిగ్గా పోతోంది, గొంతు వెనకబడుతోంది. టైమ్‌కోడ్ టేపుకు నీడలా ఉండాలి. టేపు తడబడితే అదీ తడబడాలి.

మూడో పద్ధతి అదే. ప్రతి ఫ్రేమునూ చదువుతూ, దాని వేగాన్నే పట్టుకుని కొత్త కోడ్ పుట్టించడం, మధ్యలో కోడ్ కనబడకపోతే అప్పటిదాకా నడిచిన వేగంతోనే కొన్ని ఫ్రేములు ఊహించి నింపి, మళ్ళీ కనబడగానే అందుకోవడం. కుమ్మరి చక్రం చేయి తీసినా కాసేపు తిరిగినట్టు. ఎన్ని ఫ్రేములు ఊహించవచ్చో మనమే చెప్పాలి. ఎక్కువ ఇస్తే టేపు నిజంగా ఆగినా కోడ్ పరుగెడుతూనే ఉంటుంది. తక్కువ ఇస్తే గుంత దాటదు. 15 ఇచ్చాను. నాలుగు చిన్న గుంతలూ దాటాయి. ఐదోది 32 ఫ్రేములు. దాటలేదు.

32 ఇచ్చి చూడవచ్చు. ఇచ్చాను కూడా. కానీ ఒక సెకనుకు పైగా గుడ్డిగా నడిచి అవతల అందుకునేటప్పుడు కోడ్ చిన్నగా గెంతింది, ఆ గెంతుకు తంత్రుల శబ్దం ఉలిక్కిపడింది. ఆ ఏడుపు మధ్య దాన్ని భరించలేకపోయాను. రెండు రోజులు అలాగే వదిలేశాను.

మూడో రోజు తోచింది: ఆ చోట తరంగం సన్నబడింది కానీ చచ్చిపోలేదు. అది పాటైతే పెంచితే హోరు పెరుగుతుందని భయపడాలి. ఇది ఎవరూ వినేది కాదు, చదివేది. కంప్యూటర్‌లో ఆ ముక్క వరకే 20 డెసిబెల్స్ పెంచాను. కింద సన్నగా మోగుతున్న 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌ను వడపోశాను. తెర మీద దారంలోంచి మళ్ళీ గోడలు లేచాయి, అరిగినవే అయినా గోడలే. పెట్టెలోకి పంపితే 32లో 23 ఫ్రేములు చదివింది. మిగిలింది తొమ్మిది. చక్రం వాటిని అవలీలగా దాటింది. చివరి అంకె వరకు కూర్చుని చూశాను, ఒక్క ఫ్రేమూ తప్పలేదు.

అంతా అయ్యాక తొమ్మిదో ట్రాకును మళ్ళీ చదివించి యూజర్ బిట్ల మీట నొక్కాను. ఎనిమిది సున్నాలు. పెట్టె కాలాన్ని మాత్రమే మళ్ళీ రాసింది, తేదీని వదిలేసింది! మెనూలో వెతికితే యూజర్ బిట్లను కూడా మోసుకెళ్ళమని చెప్పే అమరిక విడిగా ఉంది. అది మార్చి 33 నిమిషాలూ మరోసారి నడిపాను. కాలం సరిపోతే చాలు కదా అని మా అబ్బాయి అన్నాడు. నాకు చాలదు.

ఇంకో చిన్న సవరణ చేయాలి. కోడ్ కంప్యూటర్ నుంచి బయటికి వెళ్ళి తిరిగి రావడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఒక టిక్కు శబ్దాన్ని అదే దారిలో పంపి కొలిస్తే 480 శాంపిళ్ళు ఆలస్యం, సెకనుకు 48,000 చొప్పున 10 మిల్లీ సెకన్లు. తొమ్మిదో ట్రాకును అంత ముందుకు జరిపాను. కొన్ని పెట్టెలు ఫ్రేము మొత్తం చదివాకే అంకె చెబుతాయి కనుక ఒక ఫ్రేము, అంటే 40 మిల్లీ సెకన్లు వెనకబడతాయి. మాది ఆ లెక్క తానే సరిచేసుకుంటుంది. పాత ట్రాకునూ కొత్తదాన్నీ తెర మీద పక్కపక్కన పెట్టి ఫ్రేము మొదళ్ళు పోల్చి మరీ నిర్ధారించుకున్నాను.

ఫ్లాపీ చదవదేమోనని భయపడ్డాను. చదివింది. మాస్టారు ముందుచూపుతో పాటను ఏ సాఫ్ట్‌వేర్ అయినా తెరిచే మిడి ఫైలుగా కూడా దాచారు, వేగాల పట్టికతో సహా. దాన్ని ఒక పాత ల్యాప్‌టాప్‌లో పెట్టాను. తొమ్మిదో ట్రాకు పెట్టెలోకి, పెట్టె నుంచి మిడి టైమ్‌కోడ్‌గా మారి ల్యాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి స్వరాలు ఆనాటి కీబోర్డుకు. మిడి టైమ్‌కోడ్ ఒక్కో ఫ్రేముకు నాలుగు చిన్న సందేశాలు పంపుతుంది. పూర్తి సమయం తెలియాలంటే అలాంటివి ఎనిమిది కావాలి, అంటే రెండు ఫ్రేములు. ఆ తర్వాతే సీక్వెన్సర్ కుదురుకుంటుంది. మొదట 20 సెకన్లు వట్టి కోడ్ వదలమన్న మాస్టారి మాట ఎంత మేలు చేసిందో అప్పుడు మళ్ళీ తెలిసింది.

ఆదివారం ఆ అమ్మాయి వాళ్ళ అమ్మను కూడా తీసుకుని వచ్చింది. ముందు వట్టి గొంతు వినిపించాను. మాట మొదలుకాకముందు ఆయన గొంతు సవరించుకోవడం, ఎవరినో “తలుపెయ్యండి బాబూ” అనడం ఉంది. పెద్దావిడ ఆ రెండు మాటలకే కళ్ళు తుడుచుకుంది. తర్వాత కీబోర్డుతో కలిపి మొదటి నుంచి నడిపాను. జముకు తీగ కిందికి జారే చోట వేణువు దాని కింద చేయి పట్టినట్టు అందుకుంది. ఐదో గుంత దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. గొంతు నెమ్మదించింది, తంత్రులు దానితోపాటే నెమ్మదించాయి. అక్కడ ఒకప్పుడు గుంత ఉందని వాళ్ళకు తెలియలేదు.

పాట అయ్యాక పెట్టె మీది తేదీ చూపించి, అది ఎవరు రాశారో చెప్పాను. అమ్మాయి ఆ ఎనిమిది అంకెలనూ వేలితో విడగొట్టి చదువుకుంది. “నేను పుట్టడానికి పదకొండు రోజుల ముందు” అంది. వాళ్ళ అమ్మ, “అవును, అప్పుడు నాకు నెలలు నిండాయి. రికార్డింగ్ ఉందని విశాఖ వెళ్ళి మూడు రోజులు రాలేదు మీ నాన్న” అంది.

వెళ్ళేటప్పుడు డిస్కులో మిక్స్ చేసిన పాటలతోపాటు విడి ట్రాకులు కూడా ఇచ్చాను. “ఆ కీచుమనే శబ్దం కూడా ఇచ్చారా మామయ్య గారూ?” అని అడిగింది. పాతదీ కొత్తదీ రెండూ ఇచ్చానన్నాను. పాతది చెరపకూడదు. రేపు ఇంకా మంచి పెట్టెతో ఎవరైనా దాన్ని ఇంకా బాగా చదవవచ్చు. డిస్కు మీద అతికించే కాగితం మీద ఏం రాయాలంటే, నేను చెబుతుంటే తనే రాసింది: తొమ్మిదో ట్రాకు, టైమ్‌కోడ్, 25 ఫ్రేములు, మొదలు 01:00:00:00, యూజర్ బిట్లు 17121995.